ఊరి లెక్క రాసుకుపోయారు, ఊరికి ఏమిచ్చారు?

డిగ్రీ విద్యార్థుల సామాజిక సేవా ప్రాజెక్టు తీరుతెన్నులు

అనంతపురం: వేసవి సెలవులు వస్తే జిల్లాలోని పల్లెలకు డిగ్రీ కళాశాలల విద్యార్థులు కాగితాలు పట్టుకుని వస్తున్నారు. ఇంట్లో ఎంతమంది, ఎంతవరకు చదివారు, మరుగుదొడ్డి ఉందా, తాగేనీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, పొలం ఎన్నెకరాలు, అప్పు ఎంత అని ఇంటింటా అడిగి రాసుకుంటున్నారు. కొన్నాళ్లు రచ్చకట్ట దగ్గర సందడిగా ఉంటుంది. తర్వాత వాళ్లు వెళ్లిపోతారు. రాసుకుపోయిన కాగితాలు ఏమయ్యాయని అడిగితే చెప్పగలిగినవారు ఊళ్లో అరుదు.

ఇది ఆ పిల్లల సొంత ఉబలాటం కాదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యా సంవత్సరంలో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు పెట్టిన నిబంధన. మొదటి సంవత్సరం చదువు ముగిశాక వచ్చే సెలవుల్లో ప్రతి విద్యార్థీ ఒక గ్రామంలోనో, పట్టణంలోని ఒక వార్డులోనో కనీసం 180 గంటలు పనిచేయాలన్నారు. సామాజిక సేవా ప్రాజెక్టు అని దానికి పేరు పెట్టారు. ఈ పనికి మార్కులున్నాయి. ఆ మార్కులు డిగ్రీ మార్కుల జాబితాలోకి ఎక్కుతాయి.

180 గంటలంటే చిన్న మాట కాదు. ఒక కళాశాలలో ఒక ఏడాది వందమంది విద్యార్థులు ఈ పని చేస్తే మొత్తం 18,000 గంటలు. రోజుకు 8 గంటల లెక్కన కట్టినా 2,250 పనిదినాలు. చదువుకున్నవారి శ్రమ, కూలి అడగని శ్రమ ఇంతగా పల్లెల గడప తొక్కడం మునుపెన్నడూ లేదనే చెప్పాలి. అది ఊరికి పనికొచ్చే పని అవుతుందా, కట్టలు కట్టిన కాగితాలై కళాశాల బీరువాలో మూలుగుతుందా అన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.

నిబంధనల్లో ఏముంది?

విద్యామండలి ఇచ్చిన మార్గదర్శకాలు చదివితే ఉద్దేశం మంచిదేనని ఒప్పుకోక తప్పదు. విద్యార్థికి వీలైనంతవరకు తాను ఉండే చోటికి దగ్గరి ఊరినే కేటాయించాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేలా ఉండాలి. మొదట ఊరి స్థితిగతుల సర్వే జరగాలి. తర్వాత ప్రజలను చైతన్యపరిచే కార్యక్రమాలు చేయాలి. ఆపైన వ్యవసాయం, ఆరోగ్యం, పశుపోషణ, తాగునీరు, సాగునీరు వంటి అంశాల్లో తాను చదివే చదువుకు దగ్గరగా ఉన్న ఒకదాన్ని తీసుకుని ఊరివారితోనూ, సంబంధిత శాఖలతోనూ కలిసి పనిచేయాలి. ఏ రోజు ఏం చేశాడో లాగ్‌బుక్కులో రాయాలి. దానిమీద అధ్యాపకుడు సంతకం పెట్టాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. గ్రామస్థులు గుర్తుపెట్టుకోవలసిన నిబంధన ఇంకొకటి ఉంది. చివరి వారంలో, చేసిన పనంతటిమీదా విద్యార్థులు ఒక నివేదిక తయారుచేయాలి. దాని ప్రతిని స్థానిక పరిపాలనకు, అంటే ఊరి అధికారులకు, అందజేయాలి. మరుసటి ఏడాది అదే ఊరికి వచ్చే విద్యార్థుల జట్టు ఆ నివేదికను ఆధారం చేసుకుని పని కొనసాగించాలి.

ఈ రెండు వాక్యాల్లోనే ప్రాజెక్టు ప్రాణం ఉంది. నివేదిక ఊరికి చేరితే ఊరు దాన్ని చదివించుకుంటుంది, తప్పుంటే తప్పని చెబుతుంది. వచ్చే ఏడాది జట్టు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకుండా, నిరుడు ఆగిన చోటునుంచి పని అందుకుంటుంది. నివేదిక కళాశాలకు మాత్రమే చేరితే మార్కులు పడతాయి, కథ అక్కడితో సరి. ఊరికి మిగిలేది ఏమీ ఉండదు.

లోపం పిల్లలది కాదు

ఇంటింటి సర్వేలతో పల్లెజనం విసిగిపోయి ఉన్న మాట నిజం. జనాభా లెక్కలని, రేషన్ కార్డని, ఇంటి పట్టా అని, పంట నమోదని ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వచ్చి రాసుకుపోతూనే ఉంటారు. అడిగేవాడు మారినా అడిగే ప్రశ్నలు మారవు. అందువల్ల విద్యార్థి వచ్చి అప్పెంత అని అడిగితే సగం చెప్పి సగం దాచేవారే ఎక్కువ. చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదని తెలిశాక ఎవరైనా నిజం ఎందుకు చెబుతారు?

ఇందులో విద్యార్థులను తప్పుపట్టి లాభం లేదు. నలభై డిగ్రీలు దాటే ఎండల్లో, బస్సు లేని ఊళ్లకు, దారి ఖర్చులు చేతి నుంచి పెట్టుకుని వెళ్లేవారు చాలామంది. ఆడపిల్లలకు ఇబ్బంది మరీ ఎక్కువ. అధ్యాపకుల బాధలూ ఉన్నాయి. ఒక్కొక్కరి కింద తరగతి పిల్లలంతా ఉంటారు. అందరూ తలా ఒక ఊళ్లో ఉంటే ఎవరి పని ఎలా ఉందో చూసిరావడం ఒక్కరివల్ల అయ్యేది కాదు.

అసలు లోపం మార్కులు వేసే పద్ధతిలో ఉంది. పని జరిగేది ఊళ్లో. మార్కులు పడేది కళాశాలలో. పని బాగుందో లేదో చెప్పగలిగిన ఊరివారికి ఆ మార్కులతో ప్రమేయం లేదు. కాబట్టి విద్యార్థి చూపు సహజంగానే కాగితం మీద ఉంటుంది, బోరు మీద ఉండదు.

ఈ అనుభవం జిల్లాకు కొత్తది కూడా కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో జాతీయ సేవా పథకం మొదలైంది. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఊళ్లో ఏడురోజుల శిబిరం వేసి, రోడ్డు చదును చేసి, మొక్కలు నాటిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. శ్రమదానం మంచిదే. అయితే మొక్క నాటడానికి ఒక రోజు చాలు. దాన్ని మూడు వేసవులు బతికించడానికి మనిషి కావాలి. చుట్టపుచూపుగా వచ్చిపోయే సేవకు ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఇదే.

అమెరికాలో దారి వేరు

కళాశాల తన చుట్టూ ఉన్న జనానికి పనికిరావాలన్న ఆలోచన అమెరికాలో నూరేళ్లకు పైబడిన పాతది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో, హైస్కూలు చదువు ముగించిన స్థానిక పిల్లలు దూరం పోకుండా మరో రెండేళ్లు అక్కడే చదువుకోవడానికి ఒక చిన్న కళాశాల పెట్టారు. మొదట చేరినవారు ఆరుగురు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇలాంటి కళాశాలలను దేశమంతటా పెట్టాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది అప్పటినుంచే. నేడు ఆ దేశంలో ఇవి వెయ్యికి పైగా ఉన్నాయి.

వీటిలో ప్రవేశానికి పెద్ద మార్కులు అక్కరలేదు. ఫీజు విశ్వవిద్యాలయాల కంటే బాగా తక్కువ. పగలు పనిచేసుకునేవారు రాత్రి తరగతులకు వస్తారు. నర్సు పని, వెల్డింగు, మోటారు మరమ్మతు, లెక్కలు రాయడం వంటివి నేర్పుతారు. రెండేళ్లు ఇక్కడ చదివి విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి వెళ్లేవారూ ఉన్నారు.

మన పల్లెలు గమనించవలసింది కోర్సులను కాదు. ఆ కళాశాల ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నదాన్ని. అనేక రాష్ట్రాల్లో కమ్యూనిటీ కళాశాలకు ఒక పరిధి ఉంటుంది. ఆ పరిధిలోని ఇళ్లమీద, స్థలాలమీద వేసే పన్నులో కొంత కళాశాలకు వెళుతుంది. ఇల్లినాయ్‌లో ఆ పరిధిలోని ఓటర్లే ఏడుగురు పాలకవర్గ సభ్యులను ఆరేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. ఏ కోర్సు పెట్టాలి, ఫీజు ఎంత ఉండాలి అన్నది ఈ పాలకవర్గం ముందుకు వస్తుంది. పన్ను కట్టినవాడు అడుగుతాడు. ఓటు కావలసినవాడు జవాబు చెబుతాడు. సేవ అన్న మాట అక్కడ దయాధర్మంగా కాక, బాకీగా నడుస్తున్నది అందుకే.

అక్కడా అంతా సవ్యంగా ఉందనుకోనక్కరలేదు. చేరినవారిలో చాలామంది చదువు మధ్యలోనే మానేస్తున్నారు. సంపన్నుల ప్రాంతంలో పన్ను ఎక్కువ వస్తుంది, పేదల ప్రాంతంలో తక్కువ వస్తుంది. ఆ తేడా కళాశాలల్లోనూ కనిపిస్తుంది. అయినా ఊరికి అడిగే హక్కు ఉండడమన్న ఒక్క విషయంలో వారు మనకంటే ముందున్నారు.

పేరు వచ్చింది, పెత్తనం రాలేదు

మన దేశంలో ప్రయత్నాలు జరగకపోలేదు. 1978-79లో కేంద్ర ప్రభుత్వం కొన్ని పాలిటెక్నిక్‌లను ఎంపికచేసి, చుట్టుపక్కల పల్లెల యువకులకు చేతిపనులు నేర్పే కమ్యూనిటీ పాలిటెక్నిక్ పథకం పెట్టింది. 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో కమ్యూనిటీ కళాశాల వెలిసింది. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా ఎంపికైన కళాశాలలకు ఈ పథకం కింద సాయం ఇచ్చింది.

ఇవి కొందరికి బతుకుదెరువు చూపాయి. అయితే నిధులు వచ్చింది పైనుంచి. లెక్క చెప్పవలసిందీ పైకే. చుట్టూ ఉన్న ఊళ్లకు ఓటూ లేదు, మాటా లేదు. అమెరికా నుంచి పేరు తెచ్చుకున్నాం గాని, ఆ పేరు వెనుక ఉన్న పెత్తనాన్ని ఊరికి అప్పగించలేదు.

అది రేపే మారుతుందని అనుకోవడం అత్యాశ. కళాశాల పాలకవర్గాన్ని పల్లెలు ఎన్నుకునే చట్టం మన దగ్గర లేదు. ఆ హక్కు లేనప్పుడు ఊరి చేతికి అందివచ్చే ఆధారం పైన చెప్పిన నివేదిక ప్రతి ఒక్కటే. దాన్ని వదులుకోకూడదు.

ఈ జిల్లాకు పనికొచ్చేవి

అనంతపురానికి ఉన్నత విద్య కొత్తది కాదు. 1916లోనే దత్తమండలాల కళాశాల ఇక్కడ వెలసింది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠం చెప్పిన చోటు, నీలం సంజీవరెడ్డి చదువుకున్న చోటు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినా, రెండు జిల్లాల పల్లెల కష్టాలు మాత్రం ఒక్కటే. అందులో రెండింటిని చూస్తే కళాశాల చేయగలిగింది ఏమిటో తెలుస్తుంది.

మొదటిది నీరు. ఈ ప్రాంతపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది దశాబ్దాలుగా తెలిసిన సంగతే. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. ఆవిరై పోయేది నీరే గాని ఫ్లోరైడ్ కాదు. 1990ల మధ్యలో వచ్చిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు ఎంతో మేలు చేసింది. అయినా కుళాయి నీరు రాని రోజున జనం బోరునే ఆశ్రయిస్తారు.

రసాయనశాస్త్రం చదివే పదిమంది పిల్లలు ఒక ఊరికి వచ్చినప్పుడు మరుగుదొడ్డి ఉందా అని రాసుకోవడం కంటే, ఊళ్లోని ప్రతి బోరు లోతు కనుక్కుని, నీటి నమూనా సీసాలో పట్టి, కళాశాల ప్రయోగశాలలోనో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలోనో పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయతీ గోడమీద రాయించడం ఎంతో మేలు. ఏ బోరు నీరు తాగవచ్చు, ఏది బట్టలు ఉతకడానికే అన్నది చదువురాని అవ్వకు కూడా తెలియాలి. లోతును బట్టి, కాలాన్ని బట్టి ఫ్లోరైడ్ మారుతుంది. అందువల్ల ఒక్కసారి పరీక్షిస్తే చాలదు. మరుసటి ఏడాది జట్టు అవే బోర్లను మళ్లీ చూడాలి. నిరుటి నివేదిక చేతిలో లేకుంటే ఈ పని సాధ్యం కాదు.

రెండోది వేరుశనగ. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు ఈ జిల్లా వేరుశనగను ఊడ్చిపెట్టిన సంగతి రైతులు మరచిపోలేదు. ఆ ఏడు దెబ్బతిన్న విస్తీర్ణం దాదాపు 2.25 లక్షల హెక్టార్లు. తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చిందేమంటే, ఈ వైరస్‌కు ముఖ్యమైన నెలవు గట్లమీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క. దాని పుప్పొడితోపాటు వైరస్‌ను తామర పురుగులు వేరుశనగ మీదికి చేరవేస్తాయి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలని, చేను చుట్టూ జొన్నగాని సజ్జగాని నాలుగు వరుసలు వేయాలని అప్పటినుంచి చెబుతున్నారు.

ఒక రైతు తన గట్టు శుభ్రం చేసి పక్క రైతు చేయకపోతే ఫలితం దక్కదు. ఊరంతా ఒకేసారి చేయవలసిన పని ఇది. వృక్షశాస్త్రం చదివే పిల్లలు ఏ గట్టున, ఏ బీడులో ఈ కలుపు ఎక్కువగా ఉందో పటం గీసి, రైతులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వానలు పడి మొక్క మొలిచే సమయానికి పని మొదలయ్యేలా చూడగలిగితే అది అసలైన సేవ. అలాగే వాణిజ్యశాస్త్రం చదివేవారు పొదుపు సంఘాల లెక్కలు సరిచూసి పెట్టవచ్చు. పంట బీమా కాగితంలో ఏముందో, ఏ తేదీలోపు ఏం చేయాలో రైతుకు అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వవచ్చు.

పెరటి చెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఉంది. పదిమైళ్ల దూరంలో ఉన్న డిగ్రీ కళాశాల తన చేనుకూ, తన బోరుకూ పనికొస్తుందన్న ఊహ పల్లెలకు ఇంతవరకు కలగలేదు. కళాశాల అంటే పిల్లవాణ్ని చేర్పించే చోటు, పట్టా తెచ్చుకునే చోటు, అంతే. చాలా కళాశాలలకూ చుట్టూ ఉన్న ఊళ్లు పిల్లలు వచ్చే చోట్లుగానే కనిపిస్తాయి. ఈ రెండు అలవాట్లూ మారాలి. వచ్చే పిల్లలు పరాయివారేమీ కారు. చాలామంది ఆ ఊరివారో, పక్క ఊరివారో అయిఉంటారు.

ఊరు చేయవలసింది మొదట పిల్లలు వచ్చినప్పుడే అడగడం. నిరుడు మీ కళాశాల వాళ్లు రాసిన నివేదిక తెచ్చారా అని అడగాలి. తేకపోతే తెచ్చాకే సర్వే మొదలుపెట్టమనాలి. ఊరికి ఏది ముఖ్యమో రచ్చకట్ట దగ్గర నలుగురూ కలిసి చెప్పాలి. నీరు ముఖ్యమైన ఊళ్లో నీటిమీదే పని జరగాలి. చివరి వారంలో నివేదిక ప్రతిని పంచాయతీకి ఇప్పించుకుని, గ్రామసభలో చదివించాలి. తప్పులుంటే అక్కడికక్కడే దిద్దించాలి.

నివేదిక ఇవ్వలేదంటే ఊరు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం పంచాయతీనిగాని, ప్రభుత్వ కళాశాలనుగాని ఆ ప్రతి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో పెట్టే దరఖాస్తుకు రుసుం లేదు.

కళాశాలలు చేయవలసిందీ ఉంది. ఏడాదికొక ఊరు మార్చకుండా మూడు నాలుగేళ్లు అదే ఊళ్లో పనిచేయాలి. వేసే మార్కుల్లో కొన్నింటికైనా ఊరివారి అభిప్రాయం లెక్కలోకి రావాలి. లాగ్‌బుక్కులో అధ్యాపకుడి సంతకం పక్కన ఊరి పెద్ద సంతకమో, పొదుపు సంఘం నాయకురాలి సంతకమో ఉంటే, రాని రోజును వచ్చినట్టు రాసుకోవడం తగ్గుతుంది. దారి ఖర్చులకు, నీటి పరీక్షలకు కొంత సొమ్ము ప్రభుత్వం ఇవ్వాలి. చేతి డబ్బు పెట్టుకుని సేవ చేయమనడం పేద పిల్లలకు శిక్షే అవుతుంది.

ఇవేవీ కొత్త చట్టం కావాలనే కోర్కెలు కావు. చాలావరకు ఉన్న నిబంధనను ఉన్నట్టు అమలు జరపమనడమే. జిల్లా అధికారులు, కళాశాలల ప్రిన్సిపాళ్లు వచ్చే సెలవులలోపు ఈ విషయమై దృష్టి సారించడం అవసరం. ఏ ఊరికి ఏ కళాశాల జట్టు వెళ్లింది, నివేదిక ప్రతి ఏ తేదీన పంచాయతీకి అందింది అన్న జాబితా ఒకటి ప్రతి కళాశాల గోడమీద అంటించినా చాలు. ఆ జాబితాలో తమ ఊరి పేరు ఎదుట తేదీ ఉందో, ఖాళీ ఉందో చూసుకోవడం గ్రామస్థుల వంతు.